చార్లెస్టన్‌తో ఆపేయకండి, బ్యూఫర్ట్‌కి ఒక రోజు ఇవ్వండి

సౌత్ కరొలైనా వెళ్లినవాళ్లలో చాలామంది చార్లెస్టన్‌లో ఫోర్ట్ సమ్టర్ కోట చూసి, ఏదో ఒక ప్లాంటేషన్ (బానిసలతో పంటలు పండించిన పెద్ద తోట) బంగ్లా ముందు ఫొటోలు దిగి తిరిగొచ్చేస్తారు. అమెరికా అంతర్యుద్ధం ఎక్కడ మొదలైందో తెలుస్తుంది గానీ, బానిసత్వం నుంచి బయటపడ్డ మనుషులు ఆ తర్వాత ఏం చేశారో తెలియదు. అది అదే రాష్ట్రంలోని బ్యూఫర్ట్ అనే ఊళ్లో కనిపిస్తుంది. షార్లట్ నుంచి చార్లెస్టన్‌కి సుమారు మూడున్నర గంటలు, అట్లాంటా నుంచి ఐదు గంటల డ్రైవ్. లాంగ్ వీకెండ్‌లో వెళ్తే సోమవారాన్ని తిరుగు ప్రయాణానికి వదిలేయండి. ఆ రోజు ముఖ్యమైనవి మూసి ఉంటాయి.

1861 ఏప్రిల్ 12 తెల్లవారుజామున తొలి గుండు పడింది ఫోర్ట్ సమ్టర్ మీదే. కోటకి టికెట్ లేదు, ఫెర్రీకే డబ్బులు. ఫెర్రీ రెండు రేవుల నుంచి బయల్దేరుతుంది: ఊళ్లోని లిబర్టీ స్క్వేర్, నది అవతల పేట్రియట్స్ పాయింట్. ఒక రేవుకి టికెట్ కొని రెండో రేవుకి వెళ్లి పడవ తప్పించుకునేవాళ్లు ఉంటారు, బుక్ చేసేటప్పుడే రేవు పేరు సరిచూసుకోండి. రానూపోనూ రెండు గంటల పైమాటే, కోటలో ఉండనిచ్చేది గంట. ఉదయం మొదటి పడవ మేలు: ఎండ తక్కువ, జెండా ఎగరేసేటప్పుడు సందర్శకులు కూడా చెయ్యి వెయ్యొచ్చు.

తర్వాత ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం. ఓడల్లో తెచ్చినవాళ్లని దించిన గ్యాడ్స్‌డెన్స్ వార్ఫ్ మీదే 2023లో తెరిచారు. లోపలికి టికెట్ ముందే తీసుకోవాలి, కింది తోట ఉచితం. ఆ తోటలో నేల మీద ఓడలో పక్కపక్కనే కుక్కి పడుకోబెట్టిన మనుషుల ఆకారాలు చెక్కారు. నీళ్లు వచ్చి వాటిని కప్పుతాయి, మళ్లీ తీస్తాయి. ఒక్కసారి చూసి కదిలిపోకుండా, నీళ్లు పూర్తిగా తీసేదాకా నిలబడండి.

ఒకే ఒక్క ప్లాంటేషన్ చూడాలంటే జేమ్స్ ఐలాండ్‌లోని మెక్‌లియోడ్. తోటల అందం కోసం వెళ్లే చోటు కాదిది. గైడ్లు బంగ్లా కన్నా బానిసల గుడిసెల గురించే ఎక్కువ చెబుతారు. యుద్ధం అయ్యాక, విముక్తులైన బానిసలకి సాయం చేసే ప్రభుత్వ సంస్థ ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో ఇక్కడి నుంచే పనిచేసింది. ఆ గుడిసెల్లో 1990 దాకా జనం కాపురం ఉన్నారు. ఈ ఒక్క మాట విన్నాక ఇదంతా పాత కాలం సంగతి అని ఎవరూ అనలేరు.

బస విషయానికొస్తే, ఊరి మధ్య హోటళ్లలో పార్కింగ్ ఖర్చు విడిగా పడుతుంది. కారుంటే నార్త్ చార్లెస్టన్ చవక. పోటు సమయంలో వాన పడితే డౌన్‌టౌన్ వీధుల్లో నీళ్లు నిలుస్తాయి, కారు పల్లంలో పెట్టకండి. శాకాహారులు ఒకటి గుర్తుంచుకోవాలి: ఇక్కడి రెడ్ రైస్‌లో, కొలార్డ్ ఆకుకూరలో పంది మాంసం పడటం మామూలే. చూడ్డానికి కూరే కదా అనుకోకుండా అడిగి తినండి.

బ్యూఫర్ట్‌కి యూఎస్ 17 మీద గంటన్నర. దారిలో కొంబాహీ నది మీది వంతెనకి, బానిసత్వం నుంచి తప్పించుకుని ఎందరినో విడిపించిన హారియెట్ టబ్‌మన్ పేరు పెట్టారు. 1863 జూన్ 2న ఆమె యూనియన్ (ఉత్తరాది) సైన్యంతో ఈ నదిలో పడవల మీద వచ్చి 700 మందికి పైగా విడిపించింది.

బ్యూఫర్ట్‌లో రీకన్‌స్ట్రక్షన్ (యుద్ధం తర్వాత దక్షిణాదిని తిరిగి నిలబెట్టే ప్రయత్నం జరిగిన కాలం) ఎరా నేషనల్ హిస్టారికల్ పార్క్ చోట్లు ఒకే ఆవరణలో లేవు, కారు తప్పదు. క్రేవెన్ స్ట్రీట్ విజిటర్ సెంటర్‌లో మ్యాప్ తీసుకోండి. తెరిచే వేళలు మారుతుంటాయి, ముందు వెబ్‌సైట్ చూడండి. అక్కడికి దగ్గర్లోనే టాబర్నకిల్ బాప్టిస్ట్ చర్చి ఆవరణలో రాబర్ట్ స్మాల్స్ సమాధి ఉంది. బానిసగా ఉంటూనే 1862 మే 13న కాన్ఫెడరేట్ (విడిపోయిన దక్షిణాది) ఓడ ప్లాంటర్‌ని చార్లెస్టన్ రేవు నుంచి నడుపుకుంటూ వెళ్లిపోయిన మనిషి. తర్వాత కాంగ్రెస్‌కి ఎన్నికయ్యాడు. నల్లవాళ్ల ఓటు లాగేసుకున్న 1895 సౌత్ కరొలైనా రాజ్యాంగ సభలోనూ కూర్చుని దాన్ని ఎదిరించాడు.

ఎక్కువ సమయం సెయింట్ హెలీనా ద్వీపానికి ఉంచండి. 1861 నవంబర్‌లో యూనియన్ నౌకలు రాగానే తోటల యజమానులు పారిపోయారు, చుట్టుపక్కల ద్వీపాలన్నిటిలో కలిపి సుమారు 10,000 మంది బానిసలు మిగిలారు. వాళ్ల కోసం 1862లోనే పెన్ స్కూల్ మొదలైంది, అంటే యుద్ధం ఇంకా నడుస్తుండగానే. ఎదురుగా ఉన్న బ్రిక్ చర్చిని కట్టింది బానిసలు, వాళ్లని కూర్చోబెట్టింది మాత్రం పైన బాల్కనీలో.

పోర్ట్ రాయల్‌లో యూనియన్ సైన్యపు శిబిరంగా ఉన్న క్యాంప్ శాక్స్‌టన్ చివర పెట్టుకోండి. 1863 జనవరి 1న లింకన్ విముక్తి ప్రకటన చదివి వినిపించిన చోటు. భవనాలేమీ ఉండవు, ఓక్ చెట్లూ నదే. పక్కన నేవీ హాస్పిటల్ స్థలం ఉంది, జీపీఎస్ అటు తీసుకెళ్తే వెనక్కి తిప్పి ఫోర్ట్ ఫ్రెడరిక్ వైపు నుంచి వెళ్లండి. సాయంత్రం దోమలు, కంటికి కనపడని చిన్న పురుగులు విపరీతంగా కుడతాయి, ఫుల్ ప్యాంటు తప్పనిసరి.