కావలిలో ఈటీవీ ప్యాక్: ఒకప్పుడు అందరిదీ ఒకే పేరు

కావలిలోని మా ఇంట్లో టీవీ పెట్టమంటే ఈటీవీ పెట్టమనే అర్థం. అందుకే నిరుడు కేబుల్ ప్యాక్ మార్చుకొన్నప్పుడు ఈటీవీ ఛానళ్లన్నీ కలిసి వచ్చే ప్యాక్‌నే తీసుకొన్నాము. ఏడాదిపాటు చూసిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది. ముందుగా యాజమాన్యం సంగతి చెప్పవలసి ఉంది. ఈ ప్యాక్‌లో నాకు నచ్చినవి చాలావరకు ఆ చరిత్రతో ముడిపడినవే.

బెంగళూరులో ఉండే మా అక్కయ్య చూసే ఈటీవీ కన్నడ 2015లో కలర్స్ కన్నడగా మారింది. అప్పుడు మా అమ్మ, "మనదీ అమ్మేశారా?" అని అడిగింది. అమ్మినమాట కొంతవరకు నిజమే. రామోజీరావు 1995 ఆగస్టు 27న తెలుగులో ఆరంభించిన ఈటీవీ, తరువాతి ఏళ్లలో కన్నడ, మరాఠీ, బంగ్లా మొదలైన భాషల వినోద ఛానళ్లతోపాటు ఉత్తరాది రాష్ట్రాలకు వార్తా ఛానళ్లను కూడా నెలకొల్పింది. ఈ ఛానళ్లలో రిలయన్స్ చేతిలోకి వెళ్లిన వాటాలను నెట్‌వర్క్18 బృందంలోని టీవీ18 కొనుగోలు చేస్తుందని 2012 జనవరిలో ప్రకటించారు. బేరం సుమారు 2,100 కోట్ల రూపాయలు. ఇది 2014 జనవరిలో పూర్తయింది. ఉత్తరాది వార్తా ఛానళ్లలో నూరు శాతం, తెలుగేతర వినోద ఛానళ్లలో సగం టీవీ18కు దక్కగా, తెలుగు ఛానళ్లలో మాత్రం 24.5 శాతమే దక్కింది. కాబట్టే వినోద ఛానళ్లు కలర్స్ పేరులోకి, వార్తా ఛానళ్లు న్యూస్18 పేరులోకి మారిపోయినా, తెలుగు ఛానళ్లు పాత పేరుతోనే, పాత ఇంటివారి నిర్వహణలోనే ఉండిపోయాయి. మరో తెలుగు ఛానల్ 'మా టీవీ' కథ ఇందుకు భిన్నం: 2015లో దాని ప్రసార వ్యాపారాన్ని స్టార్ కొనుగోలు చేసింది, అది స్టార్ మా అయింది.

పేరు నిలవడం వల్ల ప్రేక్షకుడికి ఒరిగేదేమిటన్న ప్రశ్న సహజం. నాకు కనిపించినంతలో, ఏళ్ల తరబడి నడిచే కార్యక్రమాలను మధ్యలో వదిలేయని ఓపిక ఇక్కడ ఉంది. 'పాడుతా తీయగా'ను దశాబ్దాలపాటు నడిపించిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నెల్లూరులో పెరిగినవారు. ఆ ఊళ్లోని తమ ఇంటిని 2020లో కంచి మఠానికి వేద పాఠశాల కోసం ఇచ్చారు. ఆ ఏడాదే సెప్టెంబరు 25న ఆయన కన్నుమూసిన తరువాత కూడా కార్యక్రమం ఆగలేదు, ఆయన కుమారుడు చరణ్ అందుకొన్నారు. మా వీధిలో ఇప్పటికీ దాన్ని మన బాలు కార్యక్రమమనే అంటారు. వరి వేసే మా బాబాయి 'అన్నదాత'ను వదలరు. మందుల మోతాదు చెప్పేటప్పుడు మాత్రం ఫోన్‌లో ఫొటో తీసుకొంటారు, ఎందుకంటే అది తెరపై నిలిచేది రెండు క్షణాలే.

లోపాలు లేకపోలేదు. ఈటీవీ ఆంధ్రప్రదేశ్ వార్తల్లో భాష శుభ్రంగా, చదివే తీరు నింపాదిగా ఉంటుంది కానీ, నెల్లూరు, ప్రకాశం జిల్లాల కబుర్లకు పెన్నకు వరద వస్తే దొరికే చోటు మామూలు రోజుల్లో దొరకదు. రాత్రి వినోద కార్యక్రమాల్లోని కొన్ని జోకులకు పెద్దలు, పిల్లలు కలిసి కూర్చుంటే రిమోట్ వెతుక్కోక తప్పదు. మా కేబుల్ ఆపరేటర్ అడగని ఛానళ్లను కూడా ప్యాక్‌లో కలిపి బిల్లు వేశాడు. రెండుసార్లు చెప్పాకే తీసేశాడు, అది ఈ ఛానళ్ల తప్పు కాదు.

ఐదుకు మూడున్నర ఇస్తాను. రామోజీరావు 2024 జూన్ 8న కన్నుమూసిన తరువాత అమ్మ మళ్లీ అదే ప్రశ్న అడిగింది. పేరు మారలేదమ్మా అని చెప్పి, ఈ నెల ప్యాక్‌ను కూడా అలాగే కొనసాగించాను.