క్రాస్‌నీడిలా, స్లగ్ మీటరా, స్కోపా: వాట్లు కొలవడానికి ఏది మేలు?

హ్యామ్ రేడియో రిగ్ (సిగ్నల్ పంపే సెట్టు) ఒకటే, కేబుల్ ఒకటే, చివర యాంటెన్నా బదులు పవర్‌ని వేడిగా మార్చేసే 50 ఓమ్‌ల డమ్మీ లోడ్. 7 మెగాహెర్ట్జ్‌లో కీ నొక్కితే, ముందుకెళ్లే పవర్‌ని, వెనక్కొచ్చే పవర్‌ని రెండు సూదులతో చూపే నా క్రాస్‌నీడిల్ మీటరు 50 వాట్లంది. మిత్రుడు తెచ్చిన బర్డ్ 43 (స్లగ్ అనే బిళ్ల మార్చి రేంజి మార్చుకునే వాట్ మీటరు) పెడితే 62. స్కోపులో (అల ఆకారం చూపే ఆసిల్లోస్కోపులో) కొన నుంచి కొనకు 158 వోల్టులు. దాన్ని వర్గం చేసి 400తో (50 ఓమ్‌లకి ఎనిమిది రెట్లు) భాగిస్తే అదీ 62 దగ్గరే. హ్యామ్‌ల రెస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్సుకి ఈ బ్యాండులో హద్దు 50 వాట్లు. ఇన్నాళ్లూ హద్దులోనే ఉన్నాననుకున్నా!

క్రాస్‌నీడిల్‌ని తిట్టి లాభం లేదు. 300 వాట్ల స్కేలు, పూర్తి స్కేలులో పది శాతం తేడా అంటే 30 వాట్లు. సూది 50 చూపిస్తే అసలుది 20 కావచ్చు, 80 కావచ్చు. యాంటెన్నా ట్యూన్ చేస్తూ ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా ఎంత బాగా కుదిరిందో చెప్పే నిష్పత్తి) చూసుకోవడానికి మాత్రం దీన్ని మించింది లేదు.

బర్డ్‌ది ఐదు శాతం. అదీ పూర్తి స్కేలు మీదే. 100 వాట్ల స్లగ్ పెడితే 50 దగ్గర అటూఇటూ 5 వాట్లు, 1000 వాట్ల స్లగ్ పెడితే 50 వాట్లు! ఖరీదైన మీటరు కొని ఉన్న ఒక్క పెద్ద స్లగ్‌తో అన్నీ కొలిచేవాళ్లని చూశాను. ఇంకో సంగతి: ముందుకెళ్లే పవర్‌లోంచి వెనక్కొచ్చేది తీసేయాలి. 120లో 20 తిరిగొస్తే లోడుకి చేరింది వందే.

అసలు చిక్కు ఎస్‌ఎస్‌బీలో (హ్యామ్‌లు మాటలు పంపే పద్ధతిలో) మాట్లాడినప్పుడు. మామూలు బర్డ్ చూపేది సగటు. మాట శిఖరం 100 వాట్లు తాకుతున్నా సూది ముప్ఫై నలభై దగ్గరే ఊగుతుంది. 'పవర్ రావట్లేదు' అని మైక్ గెయిన్ తిప్పుతారు, లీనియర్‌ని (పవర్ పెంచే యాంప్లిఫయర్‌ని) ఇంకా తోస్తారు. అలల తలలు చదునై, పక్క ఫ్రీక్వెన్సీల వాళ్ల చెవుల్లో గరగర మొదలవుతుంది. ఇంతా చేసి 100ని 200 చేస్తే పెరిగేది 3 డీబీ, అవతలివాళ్ల ఎస్ మీటరు (సిగ్నల్ బలం చూపేది) మీద అర గీత.

ఆ చదును తల కంటికి కనిపించేది స్కోపులోనే. అంకెకైతే అదేమీ దేవుడు కాదు: వోల్టేజీలో 3 శాతం తప్పు వాట్లలో 6 శాతం అవుతుంది, లోడు వేడెక్కి 54 ఓమ్‌లైతే లెక్క మళ్లీ మారుతుంది. పైగా 10ఎక్స్ ప్రోబ్ (వోల్టేజీని పదో వంతు చేసి స్కోపుకిచ్చే తీగ) తట్టుకునే వోల్టేజీ ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ పడిపోతుంది, 30 మెగాహెర్ట్జ్‌లో మరీను. అట్టెన్యుయేటర్ (సిగ్నల్‌ని తగ్గించేది) లేకుండా నేరుగా తగిలించొద్దు.

ఒక్కటే కొనమంటే, లీనియర్ నడిపేవాళ్లు స్కోపు కొనండి. 50 వాట్లవాళ్లకి సెకండ్ హ్యాండ్ బర్డ్, 100 వాట్ల హెచ్‌ఎఫ్ (30 మెగాహెర్ట్జ్ లోపు) స్లగ్ చాలు. అంత డబ్బెందుకంటే నాలాగా ఒక్క సాయంత్రం అరువు తెచ్చుకోండి. బర్డ్ 50 చూపినప్పుడు నా క్రాస్‌నీడిల్ సూది 41 దగ్గర ఆగింది. అక్కడే అద్దం మీద ఎర్ర మార్కరుతో గీత గీశాను.