చేప వ్యర్థాలు: పొడి చేయాలా, సైలేజ్ చేయాలా?

తలలు, పేగులు, ముళ్లు... చేపలు కోశాక మిగిలేదాన్ని మేతగా మార్చడానికి ఎక్కువగా వాడే దారులు రెండు: ఫిష్‌మీల్ అనే పొడి, సైలేజ్ అనే జావ.

ఫిష్‌మీల్ అంటే ఉడికించి, పిండి, ఆరబెట్టి, పొడి కొట్టడం. పిండినప్పుడు నూనె విడిగా వస్తుంది, అదీ అమ్ముడుపోతుంది. పొడి నిల్వ ఉంటుంది, ఎంత దూరమైనా పంపొచ్చు. కానీ సుమారు 5 టన్నుల సరుకుకు వచ్చేది 1 టన్ను పొడే. బాయిలర్, డ్రయ్యర్, ఇంధనం ఖర్చు సరే, చుట్టుపక్కల వాళ్లు తిట్టుకునే వాసన ఒకటి! రోజూ టన్నులకొద్దీ సరుకు రాకపోతే గిట్టదు.

సైలేజ్‌కి ఇంత హంగామా అక్కర్లేదు. వ్యర్థాన్ని మెత్తగా రుబ్బి, బరువులో 3 శాతం దాకా ఫార్మిక్ యాసిడ్ కలిపి ప్లాస్టిక్ డ్రమ్ములో వేస్తారు. ఇనుప డ్రమ్మయితే యాసిడ్ తినేస్తుంది. పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4 కంటే తగ్గితే కుళ్లబెట్టే బ్యాక్టీరియా ఆగిపోతుంది. ఆపైన పని పేగుల్లోని ఎంజైములదే: వెచ్చగా ఉంటే కొద్దిరోజుల్లో మాంసం కరిగి గోధుమరంగు జావలా అవుతుంది. రోజూ అడుగు దాకా కలపాలి. యాసిడ్ తగలని ముద్ద లోపల కుళ్లిపోతుంది. గ్లవ్స్, కళ్లకు రక్షణ అద్దాలు లేకుండా మాత్రం యాసిడ్ జోలికి వెళ్లొద్దు.

చిక్కల్లా రవాణాతోనే. జావలో చాలావరకు నీరే, మోయడం దండగ. మేత వాడేవాళ్లు దగ్గర్లో ఉంటే చిన్న యూనిట్‌కి నేనైతే సైలేజే అంటాను.