ఆశ్వయుజపు జమ్మి, కార్తీకపు ఉసిరి: కాలనీ గుడి ఆవరణకు ఏది?

హనుమకొండలోని ఒక చిన్న గుడి ఆవరణలో ఒక్క చెట్టుకే చోటుంటే జమ్మిని నాటాలా, ఉసిరినా అన్నది ఆలోచించదగిన విషయమే.

ఆశ్వయుజ శుద్ధ దశమి నాటి జమ్మికి రెండు కథలున్నాయి. అజ్ఞాతవాసానికి ముందు పాండవులు తమ ఆయుధాలను దాచింది ఈ చెట్టు మీదనే. రఘుమహారాజు కౌత్సునికి గురుదక్షిణ ఇవ్వదలచినప్పుడు కుబేరుడు బంగారం కురిపించింది కూడా దీని మీదనేనని మరో కథ. అందుకే మన దగ్గర దసరా సాయంత్రం పాలపిట్టను చూసి, జమ్మి ఆకును "బంగారం" అని పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కుతారు, తోటివారితో అలయ్ బలయ్ తీసుకుంటారు. ఇది తెలంగాణ రాష్ట్ర వృక్షం. వేళ్లు చాలా లోతుకు పోతాయి కనుక ఎండను తట్టుకుంటుంది. అయితే ముళ్లుంటాయి, ఎదుగుదల నిదానం.

ఉసిరిది కార్తీకం. దాని నీడన వనభోజనాలు చేస్తారు, కాయ మీద నేతి వత్తి వెలిగిస్తారు, క్షీరాబ్ది ద్వాదశి నాడు ఉసిరి కొమ్మను తులసి పక్కన నిలిపి పెండ్లి జరుపుతారు. కాయలు పచ్చడికీ వస్తాయి, అది చిన్న సంగతేమీ కాదు.

నీడ, కాయలు కావాలంటే ఉసిరే మేలు. కానీ కార్తీక పూజకు ఉసిరి కొమ్మ అంగడిలో దొరుకుతుంది; దసరా నాడు మాత్రం జనం చెట్టు దగ్గరికే పోవాలి, జమ్మి దొరకక ఎక్కడో ఉన్న ఒక్క చెట్టునే కొమ్మలతో సహా విరిచేస్తున్నారు. కనుక నా ఓటు జమ్మికే, పిల్లలు ఆడే మూలకు కొంచెం దూరంగా.