'మెమోరియల్' ముందా, 'ది గ్రేట్ బిలీవర్స్' ముందా?

ఇంట్లో జబ్బు మధ్య నడిచే గే ప్రేమకథ ఒక్కటే చదువుతానంటే బ్రయన్ వాషింగ్టన్ నవల 'మెమోరియల్' (2020) చేతికిస్తాను. తండ్రికి క్యాన్సర్ అని మైక్ హ్యూస్టన్ నుంచి ఒసాకా వెళ్లిపోతాడు. అప్పుడే జపాన్ నుంచి దిగిన అతని తల్లి మిత్సుకో, ముందెప్పుడూ చూడని, మైక్ ప్రేమికుడు బెన్సన్‌తో అదే ఇంట్లో ఉండిపోతుంది. ఆమె వండుతుంటే అతను నేర్చుకుంటాడు. కొడుకు ప్రేమించిన మనిషికి ఒక తల్లి దగ్గరవడం, పెద్ద మాటలేవీ లేకుండా, ఎంత బాగా రాశాడో!

రెబెకా మక్కాయ్ 'ది గ్రేట్ బిలీవర్స్' (2018)లో 1985 నాటి షికాగో, ఎయిడ్స్ రోజులు. నీకో అనే గే కుర్రాణ్ణి కన్నవాళ్లే ఇంట్లోంచి గెంటేశారు. చివరిదాకా నిలబడింది చెల్లెలు ఫియోనా, స్నేహితులు. ప్రేమ కంటే చావులే ఎక్కువ. గొప్ప నవలే, కానీ మీ ఇంట్లో ఎవరైనా మంచాన ఉంటే ఇప్పుడే మొదలుపెట్టకండి.