గోపాల్‌పూర్ లైట్‌హౌస్‌కు ప్యాకేజీ కొనబోతున్నారా? ఆగండి

ఒడిశాలోని మా బరంపురంలో ఎవరైనా ‘లైట్‌హౌస్ ప్రవేశంతో సహా’ అంటూ పక్కనే సముద్రతీరాన ఉన్న గోపాల్‌పూర్‌కు ప్యాకేజీ అమ్మజూపితే కొనకండి. పోయిన శనివారం నేను కొన్నాను. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటూ కొన్నాను, సిగ్గు అక్కడే.

విజయనగరం నుంచి బావగారి కుటుంబం వచ్చింది. ఆయన కోరిక ఒక్కటే. వాళ్ల తాతగారు గోపాల్‌పూర్‌లో ఓడెక్కి రంగూన్ వెళ్లారట. ఆ తీరాన్ని ఒకసారి పైనుంచి చూడాలి. మేము ఎనిమిదిమందిమి కాబట్టి పెద్ద బండి కావలసివచ్చింది. బస్టాండు దగ్గర ఒక ఏజెంటు దొరికాడు. మనిషికి 450 రూపాయలు, రానూపోనూ బండి, పైగా వరుసలో నిలబడకుండా లైట్‌హౌస్ ప్రవేశం. “మనం మనం తెలుగువాళ్లం, మీ దగ్గర ఎక్కువ తీసుకుంటానా అండీ” అన్నాడు. అదే మాట ఒడియాలో అని ఉంటే బేరమాడేవాణ్ణి. తెలుగు వినగానే కరిగిపోయి 3,600 లెక్కపెట్టి ఇచ్చాను.

రసీదు మీద లైట్‌హౌస్ బొమ్మ ఉంది. స్తంభం కింద ఏనుగుల్లాంటి రాతిబండలు. గోపాల్‌పూర్ ఇసుక తీరంలో అంతంత బండలెక్కడివి? అది మహాబలిపురం బొమ్మ! ఇంటికొచ్చాక మా అమ్మాయి చూపిస్తే గాని నాకు తట్టలేదు.

రెండు గంటలకు రావలసిన బండి నాలుగున్నరకు వచ్చింది. దూరం పదిహేను కిలోమీటర్ల పైచిలుకే. అయినా డ్రైవరు దారిలో డీజిలు పోయించుకుని, అడగకుండానే ఒక జీడిపప్పు దుకాణం ముందు ఆపాడు. అక్కడ ఆయనకేం ముడుతుందో మీరే ఊహించుకోండి. లైట్‌హౌస్‌లోకి సందర్శకులను సాయంత్రం కాసేపే పంపుతారు. మేము చేరేసరికి టికెట్లు ఇవ్వడం ఆపేశారు. కాపలాదారు మా రసీదును అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఇక్కడిది కాదని తిరిగి చేతిలో పెట్టాడు.

ఏజెంటుకు ఫోను చేస్తే, “గాలి ఎక్కువని మూసేసి ఉంటారండీ” అన్నాడు. ఆ మాట వింటూ తలెత్తి చూస్తే, పైన కటకటాల దగ్గర ఇద్దరు పిల్లలు కింద ఉన్న తల్లికి చేతులూపుతున్నారు. డబ్బు సంగతి ఎత్తితే రసీదు వెనక చూడమన్నాడు. చీమలబారులాంటి ఒడియా అక్షరాల్లో ఉంది, సొమ్ము వాపసు ఇవ్వబడదని.

బావగారు నన్ను ఒక్క మాట అనలేదు. చీకటి పడేదాకా పాత ఓడరేవు మొండిగోడల దగ్గర నిలబడి, రాత్రి రైలెక్కారు.

మర్నాడు ఒక్కణ్ణే ఆటోలో వెళ్లాను. గేటు దగ్గర చిల్లర ఇస్తే టికెట్ ఇచ్చారు. ఆ ఏజెంటు చెప్పిన వరుసలో నా ముందున్నది ముగ్గురు. పైనుంచి ఫొటోలు తీసి బావగారికి పంపాను. అది చూసినట్టు కాదు కదా.

బండికి బండి డబ్బే మాట్లాడుకోండి, అదీ చేరాక ఇవ్వండి. ప్రవేశ వేళలు బయలుదేరే ముందే కనుక్కోండి. ఈరోజు బస్టాండు మీదుగా వస్తుంటే ఆ ఏజెంటు కనిపించాడు. సంచులతో దిగిన ఒక కుటుంబానికి అదే బండరాళ్ల బొమ్మ చూపిస్తున్నాడు, తెలుగులోనే.