బ్లాక్ సోల్జర్ ఈగ: లార్వా మెదడు, రెక్కల ఈగ మెదడు

విజయవాడ రైతుబజార్లలో మిగిలిపోయే కూరగాయలతో బ్లాక్ సోల్జర్ ఈగలను పెంచదలచినవారు ఒకే జీవికి రెండు వేర్వేరు వసతులు కల్పించవలసి ఉంటుంది. గుడ్డులోంచి వచ్చే పురుగు, అంటే లార్వా, పని దాదాపుగా తినడమే. రెక్కల ఈగ మాత్రం ప్రధానంగా లార్వా దశలో దాచుకున్న కొవ్వుతో కొద్ది రోజులు బతుకుతూ, ఎగరడానికి, జతను వెతుక్కోవడానికి చూపును ఎంతగానో వాడుకుంటుంది. అందుకే దాని పంజరానికి మంచి వెలుతురు కావాలి.

మెదడులోని నాడీకణాల లెక్కలు బాగా తెలిసినవి దూరపు బంధువైన డ్రోసోఫిలా అనే పండ్ల ఈగలో. 2023లో వెలువడిన మెదడు పటంలో దాని తొలి దశ లార్వా మెదడులో 3,016 నాడీకణాలు ఉండగా, 2024 నాటి పటంలో ఎదిగిన ఆడ ఈగ మెదడులో సుమారు 1,40,000 ఉన్నాయి. లార్వా ఈగగా మారే ప్యూపా దశలో కొన్ని పాత కణాలు చనిపోతాయి, కొన్ని తమ శాఖలను తెంచుకుని మళ్లీ అల్లుకుంటాయి. కొత్తగా చేరేవాటిలో చాలా భాగం చూపుకు సంబంధించినవే.

పశుపక్ష్యాదుల మేతకోసం సాధారణంగా లార్వాలనే సేకరిస్తారు. మెదడు చిన్నది కనుక వాటికి బాధ ఉండదని తేల్చడం తొందరపాటే, ఎందుకంటే డ్రోసోఫిలా లార్వా సైతం హానికరమైన వేడి తగిలితే దొర్లి తప్పించుకుంటుంది. గుమిగూడిన లార్వాలు తామే వేడిని పుట్టిస్తాయి కాబట్టి, బెజవాడ మే ఎండల్లో ముందుగా నీడ కావలసింది వాటి తొట్లకే.